తల ఊపని చదువు

జూన్ మొదటి వారంలో రొయ్యల ఫ్యాక్టరీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. మధ్యాహ్నం భోజనాల వేళ దాని ముందు ఆడవాళ్ళు గుంపుగా నిలబడ్డారు. ఇంటర్ దాకా చదివింది రాణి ఒక్కతే కాబట్టి, పైకి చదవమని ఆమెనే ముందుకు తోశారు.

సెప్టెంబరులో జపాను నుంచి మోరికావా అనే నిపుణురాలు వచ్చి ఆరు నెలలు ఉంటారట. సాగదీసిన రొయ్య, అంటే వేయించినా వంకర తిరక్కుండా పొడవుగా నిలిచే రొయ్య, తయారు చేయడం నేర్పుతారట. ఆమె దగ్గర నేర్చుకుని మిగతావాళ్ళకు నేర్పడానికి ఒక ట్రైనర్ కావాలి. దుబాసీ మొదటి వారమే ఉంటాడు. ఆ తర్వాత ట్రైనరే జపాను భాషలో పని నడిపించుకోవాలి. ఆసక్తి ఉన్నవాళ్ళు మేనేజరు శివరామకృష్ణగారికి పేరు ఇవ్వాలి.

"ఓలమ్మో, మనకి తెలుగే తిన్నగా రాదు, జపానంట!" అంది పక్క టేబులు జోగమ్మ. అందరూ నవ్వి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

రాణి ఆ కాగితాన్ని రెండోసారి చదివింది.

ఆమెకి నలభై నాలుగేళ్ళు. పంతొమ్మిదేళ్ళుగా ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు ఒలుస్తోంది. తొడుగులు వేసుకున్నా చలి వేళ్ళలోకి దిగుతుంది. రెండేళ్ళుగా పని మధ్యలో వేళ్ళ కొసలు సున్నం రాసినట్టు తెల్లబడి, స్పర్శ పోయి, మళ్ళీ రక్తం వచ్చేటప్పుడు సూదులతో గుచ్చినట్టు మండుతున్నాయి. "ఈ పని మానకపోతే వేళ్ళకే ముప్పు. వచ్చే సంక్రాంతి దాకా కూడా లాగొద్దు" అని డాక్టరు చెప్పేశాడు. మానేస్తే మరో పని రాదు. ట్రైనర్ చేతులు నీళ్ళలో పెట్టనక్కర్లేదు. టేబుళ్ళ మధ్య తిరుగుతూ చూపిస్తే చాలు.

సాయంత్రం మేనేజరుకి పేరు ఇచ్చి వచ్చింది. ఆమె కంటే ముందే ఇంకొకరు ఇచ్చారు. ల్యాబులో పనిచేసే సాయిశంకర్. డిగ్రీ చదివాడు. జపాను భాషలో మొదటి పరీక్ష ఎప్పుడో పాసయ్యాడు, సర్టిఫికెట్ కూడా ఉంది.

ఇంటికొచ్చి మొగుడు ఉమామహేష్‌కి చెబితే, ఆటో తుడుస్తున్న గుడ్డ భుజాన వేసుకుని ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఇరవయ్యేళ్ళు తెలుగులో తిట్టినావు సాల్లేదా? ఇప్పుడు జపానులో కూడా తిడతావేటి?"

"నేర్సుకున్నాక మొదట నిన్నే తిడతాను, నీకెందుకు."

నవ్వాడు గానీ, మర్నాడు సాయంత్రం ఫ్యాక్టరీ వ్యాను దిగేసరికి ఆటో తీసుకొచ్చి నిలబడ్డాడు. ద్వారకా నగర్‌లో కోచింగ్ ఎక్కడుందో అప్పటికే కనుక్కుని ఉన్నాడు.

కోచింగ్ సెంటరులో ఇరవై మంది ఇంజినీరింగ్ పిల్లలు. వాళ్ళ మధ్య రాణి. మాస్టారు మంచివాడే, ఓపిక ఉన్నవాడే. కానీ జపాను మాట ప్రతిదానికీ ఇంగ్లీషులో అర్థం చెప్పేవాడు. రాణి ముందు ఆ ఇంగ్లీషుని తెలుగులోకి తెచ్చుకుని, తర్వాత జపాను మాట పట్టుకోబోయేసరికి క్లాసు రెండు వాక్యాలు ముందుకు పోయేది. అయినా మాస్టారు "అర్థమైందా అండీ?" అని అడిగినప్పుడల్లా తల ఊపేది. అందరూ ఊపుతున్నారు. తానొక్కతే ఊపకపోతే ఏం బావుంటుంది? మూడు వారాలు అలా తల ఊపి, నాలుగో వారం మానేసింది.

ఫోనులో ఒక ఆప్ వేసుకుంది. అది రోజూ గుర్తు చేసి మరీ పాఠం చెప్పేది. ఆపిల్ పండు తింటున్నాను, ఏనుగు పాలు తాగుతోంది, మా అన్న వకీలు. రెండు వారాలైనా రొయ్య రాలేదు, ఐసు రాలేదు, కత్తి రాలేదు.

జూలై మధ్యలో ఒక ఆదివారం, మేడమెట్ల మీద కూర్చుని బియ్యం ఏరుతూ ఆ ఏనుగు వాక్యాన్నే పదోసారి వల్లిస్తోంది. కింద వరండాలో పడక్కుర్చీలో ఉన్న ఇంటాయన నజీర్ అహ్మద్ ఉన్నట్టుండి లేచాడు.

"అలా ఎవురూ అనరు" అన్నాడు.

రాణి వాళ్ళు హార్బరు పక్కన వన్ టౌన్‌లోని ఆ ఇంటి మేడ మీద పదకొండేళ్ళుగా అద్దెకుంటున్నారు. నజీర్ అహ్మద్ ఓడల్లో సరంగుగా, అంటే డెక్కు మీద పనివాళ్ళకి పెద్దగా చేసి రిటైరయ్యాడని తెలుసు. ఓడంటే ఇంగ్లీషే అనుకుంది. ఆయన తిరిగిన ఓడలన్నీ జపాను వాళ్ళవని, పద్దెనిమిదేళ్ళు వాళ్ళతో అన్నం తిన్నాడని, ఆరోజే తెలిసింది.

"బాబాయ్, మీకొచ్చా? పదకొండేళ్ళలో ఒక్కసారీ సెప్పలేదే!"

"నువ్వు అడిగినావా? సదవడం రాయడం నాకు రాదు బేటీ. మాటాడ్డం వొచ్చు." అని ఆమె ఒళ్ళోని చేటవైపు చూశాడు. "ఏనుగుతో నీకేటి పని? నీ పనిలో నువ్వు రోజూ ముట్టుకునేవి పది సెప్పు."

రొయ్య, ఐసు, నీళ్ళు, కత్తి, తోక, ట్రే, బల్ల, తొడుగు, వేలు, బూటు. ఆయన ఒక్కొక్కటే చెప్పాడు. రొయ్య అంటే ఎబి. నీళ్ళు మిజు. ఐసు కోరి. మాట చెప్పేటప్పుడు చెయ్యి కూడా కదలాలన్నాడు. చేత్తో చేస్తూ నోటితో అంటే రెండూ కలిసి గుర్తుంటాయట.

"మరి ఇంగ్లీషు అర్థం?"

"ఇంగ్లీషెందుకు మధ్యన? వన్ టౌన్ నుంచి హార్బరుకి ఎక్కడో ఊరవతలున్న మధురవాడ మీదుగా పోతావా? వాళ్ళ మాటల వరసా మన వరసా ఒకటే. నాను రొయ్యని తింటాను అంటాం మనం. వాళ్ళూ అంతే, నాను, రొయ్యని, తింటాను. పని మాట ఆఖర్న. మాట మార్చుకో, వరస మార్చకు."

రాణి చేట పక్కన పెట్టేసింది. మూడు వారాలు ఏ గోడకి తల బాదుకుందో ఆ గోడకి తలుపుందని ఎవరో చూపించినట్టయింది.

ఆరోజు నుంచి రోజూ అరగంట. సాయంత్రం వ్యాను ఆమెను పాత పోస్టాఫీసు దగ్గర దింపేది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని వరండాలో కూర్చునేది. నజీర్ అహ్మద్ రెండో రోజే షరతు పెట్టాడు.

"నాను ఏటి సెప్పినా నువ్వు తల ఊపకూడదు. తిరిగి సెప్పాలి. నాను సెప్పిందే నీ నోటితో. తప్పయితే మళ్ళీ అడుగు. ఓడలో అదే రూలు. పైవాడు 'ఎడమకి తిప్పు' అంటే కిందోడు 'ఎడమకి తిప్పుతున్నా' అని అరవాలి. తల ఊపితే లెక్కలోకి రాదు."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ." ఆయన కుర్చీ ఆమెకి దగ్గరగా జరుపుకున్నాడు. "నాను ఓడెక్కిన మొదటి నెల. అప్పటికి ముప్పయ్యారేళ్ళు నాకు, మన హార్బరులో పని పోయి ఎక్కినాను. జపాను సరంగు తాడు గురించి ఏటో అన్నాడు. అర్థం కాలేదు. సిగ్గేసి తల ఊపేసినాను. తాడు వదలొద్దన్నాడంట. నాను వదిలేసినాను. పక్కన ఫిలిప్పీన్స్ మనిషి, బెనీ అని, రెండు వేళ్ళు నలిగిపోనాయి. వాడు నన్ను ఒక్క మాట అన్లేదు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళలో నాను ఎవురికీ తల ఊపలేదు."

 ఆయన వెంటనే మూడు వాక్యాలు నేర్పాడు. అర్థం కాలేదు: వకరిమసెన్. మళ్ళీ ఒకసారి: మో ఇచిదో. ఇలాగేనా: కో దెస్ కా.

"ఈ మూడూ ఉంటే ఏ దేశంలోనైనా బతికీగలవు" అన్నాడు.

ఆ షరతు వినడానికి తేలికే. పాటించడమే కష్టమైంది. రాణి పుట్టి పెరిగింది విజయనగరం దగ్గర పల్లెలో. పెద్దవాళ్ళు చెబితే తల ఊపాలి. కాపరానికొచ్చాక అత్తగారు చెబితే ఊపింది. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు చెబితే ఊపింది. 'ఏటన్నారండీ' అని తిరిగి అడిగితే ఎదురు చెప్పినట్టే. మెడకి అంటుకున్న అలవాటు అది. ఆమె తల అలా కదలగానే వంటింట్లోంచి నజీర్ అహ్మద్ భార్య కరీమున్నీసా అరిచేది.

"ఊపీసినావు! ఊపీసినావు! నాను చూసినాను!"

"పిన్నీ, మీకు గోడలోంచి ఎలా కనపడతాది?"

"నీ గొంతు ఆగిపోనాది కదా. తల ఊపేటప్పుడు మనిసికి గొంతు రాదు."

కరీమున్నీసా చేసిన సాయం పాఠంలోది కాదు. రాణి వరండాలో కూర్చున్న ఆ అరగంటా, మేడ మీద సింకులో అంట్లు ఉండిపోతాయని తెలుసు ఆమెకి. మోకాళ్ళ నొప్పులతో పైకెక్కలేదు. కాబట్టి గిన్నెలన్నీ కిందికే తెమ్మంది. "సల్ల నీళ్ళలో సెయ్యి పెట్టకూడదన్నాడు కదా డాక్టరు, ఫ్యాక్టరీలో ఎలాగూ తప్పదు, ఇంట్లో అయినా ఊరుకో" అని తన గిన్నెలతో పాటు కడిగేసేది. వద్దంటే వినేది కాదు. రెండు రోజులు చూసి ఉమామహేష్ సిగ్గుపడి, ఆటో కాసేపు ముందే కట్టేసి వచ్చి గిన్నెలు తనే తోమడం మొదలుపెట్టాడు. వీధిలో ఎవరైనా చూస్తే "మా ఇంటావిడ జపాను దొరసాని అయిపోతన్నాది, మనకి ఇదే గతి" అనేవాడు. అలా అంటూనే అన్ని గిన్నెలూ కడిగేవాడు.

వ్యానులో వెళ్ళేటప్పుడు వినడానికి నజీర్ అహ్మద్ గొంతునే ఫోనులో రికార్డు చేసుకుంది. సింధియా మీదుగా సాగే ఆ నలభై నిమిషాల దారిలో ఆ గొంతే వింటూ, పెదవులు కదుపుతూ కూర్చునేది. మొదట్లో జోగమ్మ ఎగతాళి చేసింది. "ఒలే, దేవుడి జపమా?" అంది. ఆగస్టు నాటికి ఒక ఇయర్‌ఫోను లాక్కుని తనే పెట్టుకునేది.

ఒక చిక్కు మాత్రం ఉండిపోయింది. నజీర్ అహ్మద్‌ది డెక్కు మీది భాష. గాలిలో, ఇంజను హోరులో అరిచే భాష. కరీమున్నీసాయే హెచ్చరించింది. "ఈయన అరిసినట్టు నువ్వూ అరిస్తే ఆ దొరసాని విమానం ఎక్కి పారిపోద్ది." అది నిజమేనని ఆయనా ఒప్పుకున్నాడు. అందుకని మర్యాదగా మాట్లాడే తీరు మాత్రం వీడియోలలో చూసి నేర్చుకుంది. ఒకే ఒక్క వీడియో, ఒక దుకాణంలో ఆమె, కొనడానికొచ్చిన ఇంకో ఆమె. నాలుగు నిమిషాలది. యాభై సార్లు చూసింది. కొత్తవి వెతకలేదు. ఉన్నదాన్నే గొంతు ఎక్కడ దించుతున్నారో, ఎక్కడ ఆపుతున్నారో పట్టుకునేదాకా చూసింది.

మోరికావాగారు సెప్టెంబరు రెండో వారంలో వచ్చారు. నలభై దాటిన సన్నటి మనిషి. నవ్వు తక్కువ. మొదటి వారమంతా దుబాసీతో తిరిగి ఫ్లోరు చూశారు. వారం ఆఖరి రోజు, శనివారం, మేనేజరు రాణినీ సాయిశంకర్‌నీ పిలిచాడు. దుబాసీ ఉండడు. చెరో టేబులు, చెరో నలుగురు ఆడవాళ్ళు. మోరికావాగారు ఇద్దరికీ విడివిడిగా ఒకే పని చెబుతారు. గంటలో ఐదు ట్రేలు. ఎవరి టేబులు బావుంటే వాళ్ళే ట్రైనర్.

ముందు సాయిశంకర్ వంతు. కంప్రెసర్ల మోతలో మోరికావాగారు గబగబా చెప్పారు. ప్రతి వాక్యానికీ అతను "హై, హై", అంటే సరే సరే, అని చక్కగా తల వంచాడు. ఎంత బాగా అన్నాడంటే, రాణి తన మూడు వాక్యాలనూ మాస్కు వెనక మళ్ళీ వల్లించుకుంది. మేనేజరు సంతోషంగా తల ఊపాడు. ఒక్క నిమిషంలో అయిపోయింది.

తర్వాత రాణి. మోరికావాగారు అదే వేగంతో మొదలుపెట్టారు. రొయ్య, కోయడం, నీళ్ళు, ఐసు, ముందు, తర్వాత. మాటలన్నీ తెలిసినవే. వరుసే చెయ్యి జారిపోయింది. ఆవిడ ఆపి, జవాబు కోసం చూశారు.

రాణి మెడ దానంతటదే కదలబోయింది. టేబులు అవతల జోగమ్మ కళ్ళు కనిపించాయి. మేనేజరు గడియారం చూసుకుంటున్నాడు. తల ఊపేస్తే పని మొదలుపెట్టుకోవచ్చు. పంతొమ్మిదేళ్ళుగా రొయ్యలు తెలిసిన మనిషి, ఊహించుకోలేదా?

"వకరిమసెన్" అంది. "మో ఇచిదో."

మేనేజరు "అయ్యో, రాణీ" అన్నాడు నెమ్మదిగా.

మోరికావాగారు మళ్ళీ చెప్పారు, కాస్త నిదానంగా. ఈసారి రాణి తిరిగి చెప్పింది, చేతులు కదుపుతూ. తోక ఉంచి ఒలవాలి. పొట్ట మీద నాలుగు గాట్లు. తర్వాత నీళ్ళలో కడగాలి. ఐసు ట్రేలో పెట్టాలి. కో దెస్ కా?

"కాదు" అన్నారావిడ. మళ్ళీ చెప్పారు. రాణి మళ్ళీ తిరిగి చెప్పింది. మళ్ళీ కాదు. అప్పటికి ఐదు నిమిషాలు అయిపోయాయి. సాయిశంకర్ టేబులు మీద మొదటి ట్రే సగం నిండింది.  అయినా రాణి ఒక రొయ్యని చేతిలోకి తీసుకుని, గాటు పెట్టినట్టు వేలితో గీసి, నీళ్ళ తొట్టె చూపించి, ఆవిడ ముఖంలోకి చూసింది.

మోరికావాగారు తొట్టెకి అడ్డంగా చెయ్యి పెట్టారు. కడగడం కోతకి ముందు. కోసిన తర్వాత నీళ్ళు తగలకూడదు. తగిలితే గాట్లలోంచి నీరు లోపలికి పట్టి, సాగదీసేటప్పుడు కండ చిట్లిపోతుంది. ఐసు మీద కాగితం పరిచి, ఆ కాగితం మీద పెట్టాలి.

ఈ ఫ్లోరు మీద పంతొమ్మిదేళ్ళుగా ప్రతి కోత తర్వాతా నీళ్ళలో ముంచడమే అలవాటు. ఊహించుకుని ఉంటే సరిగ్గా అదే చేసి ఉండేది.

మూడోసారి మొత్తం తిరిగి చెప్పింది. ముందు కడగడం. తర్వాత కోయడం. నీళ్ళు వద్దు. ఐసు, దాని మీద కాగితం, దాని మీద రొయ్య. కో దెస్ కా?

"హై" అన్నారు మోరికావాగారు. ఈసారి తల ఊపింది ఆవిడ.

రాణి తన నలుగురికీ తెలుగులో చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. "జోగమ్మా, నానేటి సెప్పినాను? తిరిగి సెప్పు" అంది. జోగమ్మ కళ్ళు పెద్దవి చేసింది గానీ చెప్పింది. కడగడం దగ్గర తప్పు చెప్పింది. మళ్ళీ చెప్పించింది.

గంటలో ఐదు ట్రేలు కాలేదు. మూడే అయ్యాయి. సాయిశంకర్ టేబులు మీద ఐదూ నిండాయి. మోరికావాగారు అతని ట్రేలోంచి ఒక రొయ్య తీసి రెండు వేళ్ళతో మెల్లగా సాగదీశారు. నడుం దగ్గర చిట్లింది. ఇంకొకటి తీశారు. అదీ చిట్లింది. రాణి ట్రేలోవి ఆరు తీశారు. ఆరూ సాగి నిలిచాయి.

సాయిశంకర్ ముఖం పాలిపోయింది.  మోరికావాగారు మేనేజరుని పక్కకు పిలిచి ఫోనులో ఏదో రాసి, తెలుగులోకి మార్చి చూపించారు. ఆయన చదివి రాణి దగ్గరకొచ్చాడు.

"సోమవారం నుంచి నువ్వే ట్రైనర్. కాగితాల పని, ఆవిడ రాసిచ్చేవి చదవడం సాయిశంకర్ చూస్తాడు. 'మూడుసార్లు అడిగే మనిషి నాకు కావాలి' అని రాసిందమ్మా ఆవిడ."

బయట చేతులు కడుక్కునే చోట సాయిశంకర్ పక్కకొచ్చి నిలబడ్డాడు. "అక్కా, నాకూ ఆ ముందూ తర్వాతా అర్థం కాలేదు. అడగడానికి సిగ్గేసింది" అన్నాడు.

"నాకు జపాను అక్షరాలు రావు తమ్ముడూ. నువ్వు అవి సెప్పు, నాను అడగడం సెప్తాను."

పాత పోస్టాఫీసు దగ్గర వ్యాను దిగి, నడవాల్సిన దూరాన్ని దాదాపు పరిగెత్తింది. నజీర్ అహ్మద్ పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు చేసుకుని అప్పుడే మసీదు నుంచి వస్తున్నాడు. ఉమామహేష్ కుళాయి దగ్గర గిన్నెలతో ఉన్నాడు. ఆయన కుర్చీలో కూర్చోగానే, తను వరండాలో నిలబడే అంతా చెప్పింది, ఆయాసంతో.

 అయిపోయాక నజీర్ అహ్మద్ అడిగాడు. "ఎన్ని సార్లు తప్పు సెప్పినావు?"

"రెండు సార్లు."

"అందరి ముందూనా?"

"అందరి ముందూ."

"అమ్మయ్య" అన్నాడాయన, పాసయ్యానన్న మాటకంటే ఆ మాటే వినడానికి కూర్చున్నట్టు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు తుడుచుకున్నాడు.

థ్యాంక్స్ చెప్పడానికి జపాను భాషలో నాలుగు రకాలు నేర్చుకుంది రాణి. తెలుగులో ఇంట్లోవాళ్ళతో అలాంటి మాట ఎప్పుడూ అనలేదు, ఎవరూ ఆమెతో అనలేదు. ఇప్పుడు అనాలనిపించింది.  వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆయన కంగారుగా కాళ్ళు కుర్చీ మీదికి లాక్కున్నాడు.

"ఇవన్నీ వొద్దు బేటీ. ఆవిడిది ఏ ఊరంట?"

"ఎవరిది?"

"ఆ మోరికావాది. వారం రోజులైంది కదా, ఏ ఊరో అడగలేదా?"

"పని మాటలే వొచ్చు కదా బాబాయ్."

"ఆరు నెల్లు ఒక్కర్తీ ఉంటాది ఇక్కడ. రొయ్యలు తప్ప ఇంకో మాట లేకపోతే ఆవిడకి తిండెలా దిగద్ది? నన్ను ఆ ఓడలో మొదట ఎవురైనా ఊరు అడిగిన రోజు నాను కడుపు నిండా తిన్నాను. ఇలా అడుగు..." అని ఆయన నోరు తెరిచాడు.

అంతలో వంటింట్లోంచి, చేపల పులుసు తిప్పుతున్న గరిటె చప్పుడుతో పాటు కరీమున్నీసా గొంతు వచ్చింది. స్పష్టంగా, దుకాణంలో ఆమె అడిగినంత మర్యాదగా.

"గో షుష్షిన్ వా దొచిరా దెస్ కా?"

వరండాలో ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"నీకెవురు నేర్పినారే?" అన్నాడు నజీర్ అహ్మద్.

కరీమున్నీసా గరిటెతోనే గుమ్మంలోకి వచ్చింది. "ఎవురేటి, నువ్వే. ఓడెక్కిన కొత్తలో తొమ్మిదేసి నెలలకి ఓడ దిగొచ్చి, ఈ గుమ్మంలో నిలబడి, పరాయి ఆడమనిసిని అడిగినట్టు 'మీదే ఊరండీ' అని ఇలాగే అడిగీవాడివి. నాను వన్ టౌన్ అని సెప్తే గానీ లోపలికి వొచ్చీవాడివి కాదు. మర్సిపోనావా?"

ఉమామహేష్ గిన్నె కింద పెట్టి పగలబడి నవ్వాడు. నజీర్ అహ్మద్ డెబ్బయ్యేళ్ళ ముఖం ఎర్రబడింది. "దాని ముందర అవన్నీ ఎందుకే" అని గొణిగాడు.

రాణి మెట్టు మీద కూర్చుంది. "పిన్నీ, ఇంకోసారి అనండి. మెల్లగా."

కరీమున్నీసా గరిటె పక్కన పెట్టి, పైట సర్దుకుని, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. పులుసు సంగతి చూడమని మొగుణ్ణి లోపలికి పంపింది. ఒక్కొక్క ముక్కా విడదీసి అంది. రాణి తిరిగి చెప్పింది. మూడో మాట దగ్గర తప్పింది. మళ్ళీ చెప్పింది. సరిగ్గా వచ్చేసరికి కరీమున్నీసా చీర కొంగుతో నోరు కప్పుకుని, కొత్త పెళ్ళికూతురిలా జవాబిచ్చింది.

"వన్ టౌన్ దెస్."